మేడిపండా? పటారం, లొటారమా?

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక మాట దగ్గర ఆగిపోయాను, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఈ మధ్య ఇంగ్లీషులో ఒక సైన్స్ ఫిక్షన్ ఆడియో నాటకం విన్నాను. దారి తప్పిన అంతరిక్ష నౌక ఒక గ్రహం మీద దిగుతుంది. అక్కడ ఆకలి లేదు, ముసలితనం లేదు, ఏ చెట్టు చూసినా పండ్లే. చిన్నప్పుడు కడప రేడియోలో నాటకం వస్తుంటే ఇంట్లో ఎవరం మాట్లాడకుండా కూర్చునేవాళ్లం, అంత శ్రద్ధగా విన్నాను దీన్ని. దాని మీద సమీక్ష రాస్తూ ఆ గ్రహాన్ని 'మేడిపండు లోకం' అన్నాను. కడపలో ఉండే మా చిన్నాయన చదివి, "పద్యం మూడో పాదం యాడ పెట్టినావప్పా?" అన్నారు.

మేడిపండు చూడ మేలిమై యుండు
పొట్ట విచ్చి చూడ పురుగులుండు
పిరికివాని మదిని బింకమీలాగురా
విశ్వదాభిరామ వినురవేమ

నిజమే, మనం మొదటి రెండు పాదాలు పట్టుకుని మూడోది వదిలేశాం. వేమన చెప్పింది పిరికివాడి బింకం గురించి. పైకి ధైర్యం, లోపల దాచుకోవలసిన భయం. లోపల ఏదో ఒకటి ఉంటేనే ఈ పోలిక నిలబడుతుంది.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నాను, వినబోయేవాళ్లు ఈ పేరా దాటేయండి. ఆ గ్రహం మీద పక్షులు కూస్తాయి, నీళ్లు పారతాయి, గాలి వీస్తుంది, కానీ మొదటి నుంచీ నాకు ఏదో తక్కువగా ఉంది. అనంతపురంలో రాత్రి మిద్దె మీద పడుకుని వింటున్నాను, చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీయగానే కీచురాళ్ల మోత వినపడింది, అప్పుడు తట్టింది: ఆ లోకంలో ఒక్క పురుగు చప్పుడు కూడా లేదు! చివరికి తేలేదీ అదే, ఆ తోటలన్నీ వచ్చినవాళ్ల మనసు చదివి ఒక యంత్రం అల్లిన భ్రమ. లోపల కుళ్లు లేదు, అసలు లోపలే లేదు.

మేడిపండు సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. మేడిని మా వైపు అత్తిమాను అని కూడా అంటారు. మనం పండు అనుకునేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కందిరీగ జాతికి చెందిన చిన్న చిన్న పురుగులు కొసనున్న రంధ్రంలోంచి దూరి, పుప్పొడి అంటించి, అందులోనే గుడ్లు పెడతాయి. ఆ పురుగు దూరకపోతే గింజ కట్టదు. వేమనకు ఇది తెలుసా తెలియదా అన్నది నా ప్రశ్న కాదు, ఆయన పోలిక ఆయన చెప్పదలచుకున్నదానికి సరిపోయింది. నా సమీక్షకే సరిపోలేదు. పురుగుండటమే మేడిపండు నిజం, పురుగు లేకపోవడమే ఆ గ్రహం మోసం.

తర్వాత కలిపింది: కింద ఒక అక్క 'ఎండమావి' అన్నారు. మంచి మాట, కానీ ఎండమావి దగ్గరికి పోయేకొద్దీ వెనక్కి జరుగుతుంది, ఎవరికీ అందదు. వీళ్లు ఆ గ్రహం మీద దిగారు, పండ్లు తిన్నారు, ఏళ్లు ఉన్నారు. ఇంకొక అన్న 'త్రిశంకు స్వర్గం' అన్నారు. విశ్వామిత్రుడు కట్టిన స్వర్గం కాబట్టి కృత్రిమం అన్న అర్థం వస్తుంది, ఒప్పుకుంటాను, అయితే ఇప్పుడు ఆ మాట వినగానే ఎవరికైనా అటూ ఇటూ కాకుండా వేలాడటమే గుర్తొస్తుంది.

నాకు చివరికి కుదిరింది మా అవ్వ నోట విన్న 'పైన పటారం, లోన లొటారం'. కుళ్లు అనదు, భయం అనదు, డొల్ల అంటుంది. పైగా మేడిపండు పద్యంలో 'చూడ' రెండు సార్లు ఉంది, ఇది మాత్రం వింటేనే తెలిసిపోతుంది, ఖాళీ కుండ మీద వేలితో కొట్టినట్టు. కళ్లకు పనిలేని నాటకానికి అలాంటి మాటే కావాలి. సమీక్షలో మార్చేశాను, చిన్నాయనకు కూడా పంపాను. ఆదోని, రాయచోటి వైపు వాళ్లు ఇదే అర్థంలో వేరే మాట వాడుతుంటే, ఏ సందర్భంలో అంటారో కూడా కలిపి రాయండి.