నాన్నకి కాల్షియం స్కోర్ 214 వచ్చింది, స్టెంట్ వెయ్యాలా?

బెజవాడ_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాన్నకి 61 ఏళ్లు, షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటారు, ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ ఏమీ లేవు, రోజూ పొద్దున్నే నడుస్తారు. చెకప్ ప్యాకేజీలో గుండె సీటీ కూడా ఉందంటే తీయించాం, రిపోర్ట్‌లో అగాట్‌స్టన్ స్కోర్ 214 అని ఉంది. అది చూసిన దగ్గర్నుంచి అమ్మకి నిద్ర లేదు. 214 అంటే ఎంత శాతం బ్లాక్? అసలు ఈ అగాట్‌స్టన్ ఏంటి?

సీటీ_రూమ్:
ముందు అమ్మగారికి చెప్పండి, అది బ్లాక్ శాతం కాదు అని. స్కానింగ్‌లో పదకొండేళ్లుగా పని చేస్తున్నా, ఇదే ప్రశ్న మాకు రోజూ వస్తుంది. అగాట్‌స్టన్ అనేది మనిషి పేరు అండీ. ఆర్థర్ అగాట్‌స్టన్ అని మయామీ వైపు గుండె డాక్టరు, వారెన్ జనోవిట్జ్ వాళ్లతో కలిసి 1990లో ఈ లెక్క పేపర్‌గా వేశారు. నాళాల గోడలో పేరుకున్న కొవ్వు పాతబడేకొద్దీ దాంట్లో సున్నం, అంటే కాల్షియం చేరుతుంది, అది సీటీలో ఎముకలాగా తెల్లగా కనిపిస్తుంది. 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో గట్టిదనాన్ని కొలిచే కొలత), ఆ పైన ఉన్న ప్రతి మచ్చ వైశాల్యాన్ని, అది ఎంత గట్టిగా ఉందన్న దాన్ని బట్టి 1 నుంచి 4 వరకు ఒక అంకెతో గుణించి అన్నీ కూడతారు, అదే మీ 214. నరంలోకి డై (నాళాలు స్కాన్‌లో కనిపించేలా చేసే మందు) ఎక్కించం కాబట్టి నాళం లోపల దారి ఎంత ఇరుకైందో ఇందులో తెలీదు.

డల్లాస్_తెలుగు:
ఇక్కడ దక్షిణాసియా వాళ్ల మీదే మసాలా అని ఒక స్టడీ ఉంది, పేరు నిజంగా అదే, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగోల్లో మొదట 906 మందితో మొదలైంది. మన మగవాళ్ల నాళాల్లో సున్నం దాదాపు తెల్లవాళ్లంత ఉందని, చైనా వాళ్లకంటే ఎక్కువని తేలింది. 2018 అమెరికా గైడ్‌లైన్స్‌లో దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే రిస్క్ పెంచే విషయంగా రాశారు, స్కోర్ 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వైపు మొగ్గమన్నారు. నాకు 130 వచ్చినప్పుడు మా డాక్టర్ చేసింది కూడా అదే, మాత్ర మొదలుపెట్టారు, స్టెంట్ ఊసే ఎత్తలేదు.

గుంటూరు_పద్మ:
సున్నా వచ్చినవాళ్లు కూడా జాగ్రత్త అండీ. మా బాబాయికి 44 ఏళ్లకి స్కోర్ సున్నా, సిగరెట్లు మానలేదు, ఏడాది తిరక్కుండానే హార్ట్ ఎటాక్. సున్నం చేరని మెత్తటి కొవ్వు ఈ స్కాన్‌కి కనపడదంట, అది ఎవరూ మాకు ముందు చెప్పలేదు.

సీటీ_రూమ్:
పద్మగారు చెప్పింది నిజం. దానికి డై ఎక్కించి తీసే సీటీ యాంజియో కావాలి. స్కాట్లాండ్‌లో 4,146 మంది ఛాతీ నొప్పి పేషెంట్ల మీద చేసిన స్కాట్‌హార్ట్ ట్రయల్‌లో, సీటీ యాంజియో చేసినవాళ్లలో గుండెజబ్బు మరణాలు, హార్ట్ ఎటాక్‌లు కలిపి ఐదేళ్లకి 2.3 శాతం, చెయ్యనివాళ్లలో 3.9. స్టెంట్లు, బైపాస్‌లు మాత్రం రెండువైపులా ఇంచుమించు ఒకటే, సీటీ వైపు ఎక్కువగా వాడింది మందులే.

బెజవాడ_అబ్బాయి:
చాలా థాంక్స్ అండీ, అమ్మకి చదివి వినిపించా. సోమవారం కార్డియాలజిస్ట్‌ని కలుస్తున్నాం. మందులు వాడితే స్కోర్ తగ్గుతుందా?

సీటీ_రూమ్:
తగ్గదు, స్టాటిన్ వాడితే కాస్త పెరగొచ్చు కూడా, మెత్తటి కొవ్వు గట్టిపడుతుంది కాబట్టి. అది చూసి మాత్ర ఆపెయ్యకండి. నాన్నగారి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతో రాసుకుని వెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.