మేస్త్రీ చెప్పే ఊరి కథలు పుస్తకంగా తేవాలని ఉంది. ఎలా రాయమంటారు?

ప్రశ్న (సైట్ ఇంజనీర్, పోరూరు):
నమస్కారమండీ. చెన్నైలో అపార్ట్‌మెంట్ పని చూసుకుంటాను. మా సెంట్రింగ్ వాళ్లంతా శ్రీకాకుళం వైపు వాళ్లే. రాత్రిపూట స్లాబ్ పోస్తున్నప్పుడు మిక్సర్ ఆగిందంటే మేస్త్రీ కథ మొదలుపెడతారు. లెవెల్ బుక్కు వెనక పేజీల్లో రాసుకుంటున్నాను.

పేరంటాళ్ల కథలే ఎక్కువ, అంటే చనిపోయి దేవతలైన ఆడవాళ్ల కథలు. ఒక కథలో ఊరి చెరువు గట్టు ఎన్నిసార్లు వేసినా తూము దగ్గరే తెగిపోతుంటుంది. చివరికి చిన్నకోడలు గండిలో దిగి నిలబడితేగానీ గట్టు నిలవదు. నిజంగానే మట్టికట్టకు తూము చోటే బలహీనం. రాతికట్టుకూ మట్టికీ మధ్య సందులో నీరు ఊరి, మట్టిని కొద్దికొద్దిగా లాక్కుపోతుంది. చదువుకోనివాళ్ల కథలో ఆ చోటు అంత కచ్చితంగా ఉండటం చూసి ఒళ్లు జలదరించింది.

వీటిని నా భాషలో రాయాలా, ఆయన చెప్పినట్టే రాయాలా? ఇలాంటి పని చేసిన ఇంజనీర్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు (రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీర్, మైలాపూర్):
ఉన్నారు బాబూ. కాలిన్ మెకంజీ మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారి, 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలుస్తూనే ఊరూరి చరిత్రలు, స్థలపురాణాలు రాయించాడు. కరణాల దగ్గరి దండకవిలెలు (ఊరి పాత దస్తావేజులు) చూసి, పెద్దవాళ్లను అడిగి రాసిన ఆ ఊరి చరిత్రల్లో, అంటే కైఫియత్తుల్లో, చెరువుల కథలు, దేవతల కథలు బోలెడు. మన చెన్నైలోనే ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

అయితే మెకంజీకి మన భాషలు రావు. ఊళ్లు తిరిగి అడిగిందీ, చదివి చెప్పిందీ ఏలూరుకు చెందిన కావలి ఇంటిపేరు సోదరులూ వాళ్ల మనుషులూ. ఆ సోదరుల్లో బొర్రయ్య 1803లోనే పోయాడు, తర్వాత లక్ష్మయ్య ఆ పని నడిపించాడు. సేకరణకు మాత్రం మెకంజీ పేరే నిలిచింది. అందుకే చెబుతున్నాను, మీ పుస్తకం అట్ట మీద మేస్త్రీ పేరు ఉండాలి. లోపల కృతజ్ఞతల్లో వేస్తే చాలదు.

జవాబు (జానపద సాహిత్య పరిశోధకురాలు, తాంబరం):
ఆయన చెప్పినట్టే రాయండి. “తూం కాడే తెగిపోనాది బాబూ, గట్టు నిలబడ్నేదు” అన్నది “తూము వద్ద గండి పడెను” అని మారితే మేస్త్రీ గొంతు పోయినట్టే. ముందు ఫోన్‌లో రికార్డు చేయండి, ఆయన్ని అడిగే చేయండి. చెప్పిన తేదీ, ఆయన ఊరు పక్కనే రాయండి. మీరు చెప్పిన ఊట సంగతి విలువైనదే, కానీ కథలో కలపకండి. కింద విడిగా వేయండి.

ఇంకోమాట. అదే కథ ఆడవాళ్లనూ అడగండి. ఆ కోడలు తనంతట తాను దిగిందా, అత్తవారు దింపారా అన్నది వాళ్ల నోట వేరేగా రావచ్చు. రెండూ వేయండి, కలిపి ఒకటి చేయకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మేస్త్రీ గారిని అడిగాను. తన పేరుతో పాటు ఊరి పేరు కూడా వేయమన్నారు. వాళ్లావిడకు ఇదే కథ పాటగా వచ్చట. ఆదివారం సైట్‌కు సెలవు, వాళ్ల షెడ్డుకే వెళ్లి రికార్డు చేస్తాను.