పొద్దుగాల హాకీ ప్రాక్టీస్‌కు పోయే పిల్లకు ఏం పెట్టాలె?

హనుమకొండ_అమ్మ:
అందరికి నమస్తే. మా బిడ్డకు 13 ఏండ్లు, రెండేండ్ల సంది హాకీ ఆడుతుంది. ఐదున్నరకు ప్రాక్టీస్, ఐదింటికే బయల్దేరాలె, ఆ టైంకు ఏం పెట్టినా కడుపుల తిప్పుతదంటది, ఉత్త నీళ్లు తాగి పోతది. ఎనిమిదింటికి వచ్చి రెండు బిస్కెట్లు ఛాయ్‌ల ముంచుకొని స్కూల్‌కు ఉరుకుడే. పోయిన ఆదివారం మ్యాచ్‌ల మూడో క్వార్టర్‌ల కండ్లు తిరిగి మోకాళ్ల మీద కూలబడ్డది, స్టిక్ చేతులకెళ్లి జారిపోయింది, నాకైతే పానం పోయినంత పనైంది. ఒక షాపాయన ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనుమన్నడు, మూడు వేలు. కొనాల్నా, ఇంటి తిండితోనే అయితదా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

కరీంనగర్_లెఫ్ట్‌వింగ్:
అక్కా డబ్బా జోలికి పోకు. హాకీ అంటే 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, నడుము వంచి ఉరుకుడే ఉరుకుడు. రాత్రి ఎనిమిదింటికి తిన్నదనుకో, పొద్దుగాల గ్రౌండ్‌ల దిగేసరికి తొమ్మిదిన్నర గంటలైతది, ఇగ బలం ఏడికెళ్లి వస్తది? నాక్కూడ చిన్నప్పుడు పొద్దుగాల తింటే తిప్పేది. మా అమ్మ తైద జావ రాత్రే కాచి పెట్టి, పొద్దుగాల చల్ల పోసి, ఇంత ఉప్పేసి, చెంచాతోని ఉండలు లేకుంట తిప్పి పల్చగ చేసి ఇచ్చేది, నిలబడే తాగి ఉరికేటోణ్ణి. మొదట పావు గ్లాసు, వారానికి సగం, నెలకు నిండు గ్లాసు. అది గూడ పోకపోతే సగం అరటిపండు. ప్రాక్టీస్ కాంగనే రెండు ఉడికిన గుడ్లు డబ్బాల పెట్టియ్యి, బస్సులనన్న తింటది. ఆ బిస్కెట్లు మాత్రం బంద్ చెయ్యక్కా.

డైటీషియన్_వరంగల్:
అమ్మా, కండ్లు తిరిగినయంటే ముందుగాల డాక్టర్‌కు చూపియ్యండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లలకు 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. 13 నుంచి 15 ఏండ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాముల ఐరన్, దాదాపు 43 గ్రాముల ప్రొటీన్ కావాలని మన తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ప్రొటీన్‌కు డబ్బా అక్కర్లేదు, ఒక గుడ్డుల 6 గ్రాములుంటది, పప్పు, పాలు, పెరుగు, పల్లీలు కలిస్తే ఈజీగ వచ్చేస్తది. తిప్పలంతా ఐరన్‌తోనే. తోటకూర పప్పుల తినేముందు నిమ్మకాయ పిండండి, పల్లిపట్టి బ్యాగుల పెట్టండి, వారంల రెండుసార్లు మటన్ లివర్ దొరికితే ఇంకా మంచిది. తిండితోని ఛాయ్ మాత్రం వద్దు, అది ఐరన్‌ను ఒంటికి పట్టనియ్యది.

కాజీపేట_నాన్న:
మా బాబు గోల్‌కీపర్. ఎండాకాలం ప్యాడ్లు తీస్తే లోపల బనీను పిండితే నీళ్లు కారుతయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటర్ నీళ్లల ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు, అంతే, ఉప్పు ఎక్కువ కావద్దు. మ్యాచ్ రోజు మూడు గంటల ముందే అన్నం పప్పుచారు పెట్టేస్తం, ఆ రోజు బిర్యానీ అసలే వద్దు.
పైసల గురించి రంది పడకండి చెల్లె. రాణి రాంపాల్ చిన్నప్పుడు కోచ్ అర లీటర్ పాలు తెమ్మంటే ఇంట్ల 200 మిల్లీలీటర్లే ఉంటే నీళ్లు కలిపి పట్కపోయేదట, ఆమెనే టోక్యో ఒలింపిక్స్‌ల మన అమ్మాయిల టీమ్‌కు కెప్టెన్.

హనుమకొండ_అమ్మ:
అందరికి శానా థాంక్స్. అన్నా మీరు చెప్పిన పాల ముచ్చట బిడ్డకు చదివి వినిపించిన, ఏం మాట్లాడకుంట ఇన్నది. పరీక్ష చేయిస్తే 9.8 వచ్చింది, డాక్టర్ ఐరన్ గోలీలు రాసిండు. ఇయ్యాల పావు గ్లాసు జావ తాగి పోయింది, తిప్పలేదన్నది. గోలీ పాలతోని వేసుకోవచ్చా?

డైటీషియన్_వరంగల్:
పాలతోని వద్దమ్మా, నిమ్మరసంతోని వెయ్యండి. పాలకు, జావకు, ఛాయ్‌కు రెండు గంటలన్న గ్యాప్ ఉండాలె.