బ్యూనస్ ఎయిర్స్: లా బోకా చూడాలా, వదిలేయాలా?

మూటాముల్లె: డిసెంబర్‌లో అమ్మానాన్నలతో వెళ్తున్నా. రెకొలేతా శ్మశానంలో ఎవా పెరాన్ (ఒకప్పటి అర్జెంటీనా అధ్యక్షుడి భార్య) సమాధి, కొలోన్ థియేటర్, ఆదివారం సాన్ తెల్మో సంత ఖాయం. ఊళ్లో దక్షిణం వైపున్న లా బోకా పేట దగ్గరే ఆగిపోయాం. ఒకరు వద్దే వద్దంటారు, ఇంకొకరు అది చూడకపోతే టికెట్ దండగ అంటారు. మీరేమంటారు?

రైలుపిచ్చోడు: వదిలేయండి. ఆ పూట తీగ్రె వెళ్లండి. రెతీరో స్టేషన్‌లో మిత్రె లైన్ రైలెక్కితే సుమారు గంటలో పరానా డెల్టా. పెద్దవాళ్లు పడవలో హాయిగా కూర్చుంటారు. బోకాలో పట్టపగలు నా ఫోన్ లాక్కుపోయారు, ఇక చెప్పేదేముంది.

దక్షిణపుగాలి: మీ ఫోన్ పోతే పేట మొత్తం చెడ్డదా? జెనోవా నుంచి వలస వచ్చినవాళ్లు రేకులతో కట్టుకున్న ఇళ్లవి. ఆ పేటలోనే పెరిగిన చిత్రకారుడు కింకెలా మార్తిన్ పూనుకోబట్టే, పాడుబడ్డ రైలు దారి 1959లో కామినీతో అనే వీధి మ్యూజియం అయింది.

రైలుపిచ్చోడు: చరిత్ర బాగుంది. ఇప్పుడక్కడ ఉన్నది ఫొటోకి డబ్బులడిగే టాంగో జంటలు, ఫ్రిజ్ మ్యాగ్నెట్ల కొట్లు.

గళ్లలుంగీ: తీగ్రె అసలు బ్యూనస్ ఎయిర్సే కాదు. జనరల్ పాస్ రోడ్డు దాటితే ఊరు అయిపోయినట్టే.

రైలుపిచ్చోడు: దాటితే వచ్చే ప్రావిన్స్ పేరు కూడా బ్యూనస్ ఎయిర్సే స్వామీ.

గళ్లలుంగీ: ఆ ప్రావిన్స్ రాజధాని లా ప్లాతా. 1880లో నగరాన్ని ప్రావిన్స్ నుంచి విడదీసి దేశ రాజధానిగా ఇచ్చేశారు కాబట్టే 1882లో లా ప్లాతాని కొత్తగా కట్టుకున్నారు. నగరమంటే 48 పేటలు, అంతే.

పప్పుచారు: ఈ గీత నాకు బాగా తెలుసు. "సెంటర్ పక్కనే" అంటే నమ్మి అవెషనేదాలో అద్దెకు దిగా. తీరా చూస్తే రియాచువేలో నదికి అవతల. మెట్రో నది దాటదు. రోజూ బస్సులో నిలబడి ఆఫీసుకి.

మూటాముల్లె: అన్నా, నా ప్రశ్న...

దక్షిణపుగాలి: ఇక్కడ ఎవరి లిస్టు చూసినా పలెర్మో, రెకొలేతా, పుయెర్తో మదేరో, అన్నీ డబ్బున్న పేటలే. 1871లో ఎల్లో ఫీవర్ వచ్చినప్పుడు డబ్బున్నవాళ్లు సాన్ తెల్మో వదిలి ఉత్తరానికి పోయారు. మీరూ అదే దారి పట్టారు, జ్వరం లేకుండానే.

రైలుపిచ్చోడు: నా జీతంతో కొన్న ఫోన్ అది, జమీందారు ఫోన్ కాదు! అయినా రంగు రేకుల ముందు సెల్ఫీ దిగి "అసలైన ఊరు చూశాం" అనేవాళ్లే మీకు మహా గొప్పవాళ్లా? నిజంగా దక్షిణం చూపించాలనుంటే బర్రాకాస్‌లో నడవమనండి. అనరు. మీరూ వెళ్లుండరు.

దక్షిణపుగాలి: నేను ఉండేదే బర్రాకాస్‌లో. మన తెలుగువాళ్లు పదిమంది కలిస్తే "అక్కడెందుకుంటున్నారు?" అని మొహం అదోలా పెడతారు. ఇంటికి భోజనానికి పిలిస్తే చీకటి పడుతుందని రారు. కామినీతో చూస్తే ఎంత, చూడకపోతే ఎంత. మీరు వద్దంటున్నది మా ఇంటి చుట్టుపక్కల ఊరంతటినీ, నా బాధ అది.

రైలుపిచ్చోడు: ఆ మాట మొదటే అనుంటే సరిపోయేది. తల్లిదండ్రులతో వచ్చేవాళ్లకి నేను మాత్రం ఇదే చెప్తా. పెద్దవాళ్లు పరిగెత్తలేరు.

మూటాముల్లె: నాన్నకి బొంబొనేరా ఫుట్‌బాల్ స్టేడియం చూడాలని ఉంది. అది బోకాలోనే కదా?

గళ్లలుంగీ: బోకాలోనే. 1940 నాటిది. నగరం లోపలే.

దక్షిణపుగాలి: మ్యాచ్ లేని రోజు, మధ్యాహ్నం లోపు వెళ్లండి. లోపల మ్యూజియం కూడా ఉంది. పలెర్మో నుంచి 152 నంబర్ బస్సు తిన్నగా బోకాకే వెళ్తుంది, సూబె కార్డు (బస్సు, మెట్రో టికెట్ కార్డు) చాలు.

రైలుపిచ్చోడు: పెద్దవాళ్లతో బస్సా? గేటు దాకా టాక్సీలో వెళ్లండి.

దక్షిణపుగాలి: బస్సుకేం రోగం?