టేకు ఎయిర్ రైఫిల్ స్టాక్ మీద నగిషీ: ఎంత లోతు, ఏ ఉలి, నూనె ఎప్పుడు?

చేవటేకు_గుంటూరు

4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌కి (బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ రకం) టేకు చేవతో స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) తయారైంది. ఆకురాయి పని అయిపోయింది. 180 నంబర్ సాండ్‌పేపర్ దాకా రుద్దాను, నూనె గానీ పాలిష్ గానీ ఇంకా పట్టించలేదు. యాక్షన్ (స్ప్రింగ్, ట్రిగ్గర్ ఉండే ఇనుప భాగం) కూర్చునే గాడి బిగువుగా కుదిరింది. ఇక మిగిలింది నగిషీ. చేత్తో పట్టుకునే చోట్ల, అంటే మెడ దగ్గరా ముందు భాగంలోనూ, గళ్లు (చెకరింగ్) కావాలి. బట్‌కి (భుజానికి ఆనే వెనక భాగానికి) కుడి పక్కన తీగ, ఆకులు, మధ్యలో అమరావతి శిల్పాల తీరులో అర పద్మం అనుకుంటున్నాను.

అడగదలచుకున్నవి: ఎంత లోతు దాకా వెళ్లొచ్చు? టేకులో గళ్లు నిలుస్తాయా? నూనె చెక్కకముందు పట్టించాలా, చెక్కాక పట్టించాలా? గళ్ల పనిముట్లు ఇక్కడ దొరకడం లేదు, ఇంట్లో చేసుకునే దారి ఉందా?

ఉలి_బెజవాడ

ఉలి పట్టేముందు కొలత తీయండి. లోపల పెల్లెట్ లేదని, స్ప్రింగ్ ఎక్కుపెట్టి లేదని రూఢి చేసుకుని యాక్షన్ విప్పండి. గాడికి రెండు పక్కలా గోడ మందం వెర్నియర్‌తో చూడండి. చెక్కడం పూర్తయ్యాక ఎక్కడా 5 మి.మీ. కంటే తక్కువ మిగలకూడదు. గోడ 6 ఉంటే మీకు దక్కేది 1 మి.మీ. మాత్రమే, కాబట్టి అక్కడ ఉబ్బు నగిషీ మానెయ్యండి. బట్ దగ్గర చెక్క దండిగా ఉంటుంది, 2 మి.మీ. దిగినా ఏమీ కాదు. అంతకు మించి దిగాల్సిన పని కూడా లేదు. బొమ్మ తేలేది అంచు దగ్గర పడే నీడతో. 1.5 మి.మీ. లోతులో అంచు తెగినట్టు నిలబడితే చాలు, ఆకు చెక్క మీంచి లేచినట్టు కనిపిస్తుంది. 4 మి.మీ. దిగి అంచు నలిగిపోతే ఆ లోతంతా వృథా.

స్టాక్‌లో సన్నటి చోటు మెడ. స్ప్రింగ్ రైఫిల్ పేలినప్పుడు ముందు వెనక్కి, వెంటనే ముందుకి అదురుతుంది. ఆ అదురు చాలావరకు మెడ మీదే పడుతుంది. అక్కడ నారకు అడ్డంగా లోతైన గీత పెడితే, పగులు మొదలవడానికి మనమే చోటు చూపించినట్టు. మెడ మీద గళ్లు తప్ప ఏమీ వద్దు, అవి కూడా 1 మి.మీ. లోపే. స్క్రూ రంధ్రాలకు 12 మి.మీ. దూరం వదలండి. చెంప ఆనే చోట నున్నగానే ఉండాలి. కుడిచేతి వాళ్లకు అది ఎడమ పక్క, కాబట్టి మీరు కుడి పక్క ఎంచుకోవడం సరైనదే.

బొమ్మ దించడానికి: బట్ వంపు మీద ట్రేసింగ్ కాగితం ముడత పడుతుంది, పద్మం ఒక పక్కకి లాగినట్టు వస్తుంది. చెక్కంతా మాస్కింగ్ టేపు అంటించి, దాని మీదే పెన్సిల్‌తో గీసుకోండి. చేతిని చాచి దూరం నుంచి చూసి దిద్దుకున్నాక, సన్నటి బ్లేడుతో టేపు తెగేలా గీత వెంట కోయండి. కాగితాన్ని ఫెవికాల్‌తో అంటించకండి. తీయడానికి తడపాలి, తడిపితే నార లేస్తుంది.

టేకులో నారకు అడ్డంగా వెళ్లే తీగ కనీసం 3 మి.మీ. వెడల్పు ఉండాలి. నార వెంట వెళ్లేది 2 అయినా ఆగుతుంది. పద్మం రేకుల్లో నార వైపు తిరిగిన మొనలు వాడిగా పెట్టుకోవచ్చు, అడ్డంగా తిరిగినవి మాత్రం కొంచెం గుండ్రంగా మలచండి, లేకపోతే చివరలు రాలిపోతాయి. తీగ నడక కోసం పెడన కలంకారీ అచ్చులు చూడండి, అవి చెక్కేది కూడా టేకు మీదే.

చెక్కే వరుస ఇది. 60 డిగ్రీల వి-ఉలితో గీతకు బయట 1 మి.మీ. వదిలి చుట్టూ కాలువ తీయండి. తర్వాత చదునైన గోరు ఉలి, 8 మి.మీ.ది, పట్టుకుని నేపథ్యం దించండి. ఆ తర్వాతే గీత మీద నిటారుగా ఉలి దించి అంచు తెగ్గొట్టాలి. చాలామంది ముందే గీత మీద ఉలి దించి సుత్తితో కొడతారు. పక్కన చెక్క ఇంకా నిండుగా ఉండడంతో అది ఉలిని నెడుతుంది, లోపల ఉన్న సన్నటి తీగ చిట్లుతుంది. నేపథ్యం తీసేశాక ఆ ఒత్తిడి ఉండదు.

ఆకుకి మధ్య ఈనె దగ్గర దిశ మార్చాలి. ఒక సగం మొన వైపు కోస్తే రెండో సగం తొడిమ వైపు కోయాలి. ఎదురు నారలో ఉలి చీల్చుకుంటూ పోతుంది, ఆ చీలిక సాండ్‌పేపర్‌కి లొంగదు. ఉలి కింద ఒక్కసారి "చర్" మన్నా ఆగి దిశ మార్చండి.

ఇంకొకటి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పదును త్వరగా పోతుంది. పావుగంటకోసారి తోలు మీద రుద్దడం అలవాటుగా పెట్టుకోండి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి మీద చెయ్యి తిప్పుకుని వస్తామని కొందరు అంటారు. అది మెత్తటి, తేలికైన చెక్క, దాని మీద సాధన టేకుకి పనికిరాదు. మీ స్టాక్ కోసిన చెక్కలోంచే మిగిలిన ముక్క మీద ఒక ఆకు, ఒక రేకు, రెండు అంగుళాల గళ్లు చేసి చూడండి.

గళ్లగీత

గళ్ల సంగతి నేను చెప్తాను. వాల్‌నట్ మీద అంగుళానికి 22, 24 గీతలు పడతాయి. టేకు రంధ్రాలు పెద్దవి, అంత సన్నటి గడి మొన ఒక్క రంధ్రం దగ్గర తెగినా ఊడిపోతుంది. టేకుకి అంగుళానికి 16 లేదా 17 గీతలు, అంటే గీతకీ గీతకీ 1.5 మి.మీ. ఎడం. అంతకంటే దగ్గరగా వద్దు.

ఎడం పరికరం ఇంట్లోనే చేసుకోవచ్చు. హ్యాక్సా బ్లేడు మందం సుమారు 0.65 మి.మీ. 40 మి.మీ. పొడవు ముక్కలు మూడు కోయండి. మధ్య ముక్కకి పళ్లు పూర్తిగా అరగదీసి, పళ్ల వైపు మిగతా రెండిటి కంటే 2 మి.మీ. కిందికి ఉండేలా చేయండి. మూడూ కలిపి బిగిస్తే పళ్ల వరసల మధ్య ఎడం 1.3 వస్తుంది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. మందం, దాన్ని మధ్య ముక్కకి రెండు పక్కలా ఒక్కొక్క పొర పెడితే 1.5. బ్లేడు పళ్లు అటూ ఇటూ వంగి ఉంటాయి, ఆ వంపు సానరాయి మీద పక్కలు రుద్ది తీసేయాలి, లేకపోతే గీత వెడల్పుగా చిరుగుతుంది. పిడికి అడ్డంగా ఒక స్క్రూతో బిగించండి. ఒక వరస పాత గీతలో నడుస్తుంటే రెండోది కొత్త గీత గీస్తుంది.

ఈ పరికరంతో గుర్తు మాత్రమే పెట్టాలి, లోతు తీయడానికి ముక్కోణపు సూది ఆకురాయి కావాలి. దాని మూల 60 డిగ్రీలే ఉంటుంది. 1.5 ఎడంతో 60 డిగ్రీల గాడి మొన తేలేదాకా వెళ్తే లోతు 1.3 మి.మీ., అది మీ మెడకి ఎక్కువ, పైగా టేకులో అంత నిటారు గడి విరుగుతుంది. 90 డిగ్రీలైతే 0.75 దగ్గరే మొన తేలుతుంది. కాబట్టి చివరి సారికి చిన్న చదరపు ఆకురాయిని మూల మీద నిలబెట్టి నడపండి.

గడి ఆకారం: నిలువు 3, అడ్డం 1. అట్టతో 90 మి.మీ. పొడవు, 30 వెడల్పు డైమండ్ కోసుకుని, పొడవు నార వెంట ఉండేలా పెట్టి, పక్కపక్కన ఉన్న రెండు అంచుల వెంట మొదటి గీతలు రెండు గీయండి. గీతల మధ్య కోణం 37 డిగ్రీల దాకా వస్తుంది. పొడవు అడ్డం తిరిగితే ప్రతి గడీ పొట్టి నార మీద నిలబడాల్సి వస్తుంది, గోరు తగిలినా రాలుతుంది. వంపు మీద ఇనుప స్కేలు వంగదు, పాత ఎక్స్‌రే ఫిల్ముని పట్టీగా కోసి వాడండి.

మొదటి గీత తప్పితే దాని పక్కన వచ్చేవన్నీ అదే తప్పు మోస్తాయి, అందుకే ఐదారు గీతలకోసారి అట్ట పెట్టి కోణం సరిచూడండి. ముందు ఒక వైపు గీతలన్నీ మూడో వంతు లోతులో, తర్వాత రెండో వైపు గీతలన్నీ అంతే. ఆ తర్వాతే రెండు వైపులా కొంచెం కొంచెం దించాలి. ఒక వైపే పూర్తిగా దించేస్తే రెండో వైపు వెళ్లే పనిముట్టు ప్రతి గట్టు దగ్గరా ఎగిరి పడుతుంది.

హద్దు గీత ముందే వి-ఉలితో తీసి ఉంచండి. హద్దుకి 4 మి.మీ. ముందు ఆగి, ఆ చివరి ముక్కని చిన్న ఆకురాయితో అటువైపు నుంచి లాగాలి. హద్దు దాటి గీత పోయిందంటే, నార తెగకుండా అణగి ఉంటే తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే లేస్తుంది. నార తెగి ఉంటే హద్దుని ఒక గీత బయటికి జరపడమే మార్గం.

చేవటేకు_గుంటూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గోడ మందం చూశాను: ముందు భాగంలో 7, మెడ దగ్గర చెక్క నిండుగా ఉంది. పద్మం నేపథ్యం ఎంత చదును చేసినా ఉలి గుర్తులు కనిపిస్తాయేమో, దానికి ఏం చేస్తారు? నూనె సంగతి కూడా చెప్పండి.

ఉలి_బెజవాడ

ముందు భాగం 7 అంటే గళ్లు నిర్భయంగా పెట్టుకోండి, ఉబ్బు నగిషీ వద్దు. నేపథ్యానికి నాలుగంగుళాల మేకు తీసుకుని మొన కోసి చదును చేయండి. ఆ ముఖం మీద ముక్కోణపు ఆకురాయితో నిలువు, అడ్డం రెండేసి గీతలు తీస్తే చిన్న చుక్కల ముద్ర తయారు. తేలిక సుత్తితో, ముద్రని ప్రతిసారీ కొంచెం తిప్పుతూ కొట్టండి. వరసగా కొడితే బట్ట నేసినట్టు కనిపించి పద్మం మీంచి చూపు లాగేస్తుంది. ఆకు అంచుకి ఆనుకుని కొట్టకండి, అంచు నలుగుతుంది. ముద్ర వేసిన చోట మళ్లీ సాండ్‌పేపర్ తగలనివ్వొద్దు.

నూనెపాలిష్

నూనె రెండు విడతలు. చెక్కకముందు పలుచగా రెండు పూతలు, చెక్కాక మిగతావి. ముందు పూసిన నూనె గట్టిపడి పై నారని పట్టి ఉంచుతుంది, అంచులు తెగినట్టు వస్తాయి, చేతి మురికి కూడా చెక్కలోకి దిగదు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది అవిసె నూనెని ఎండనివ్వదు. గుడ్డని థిన్నర్‌లో తడిపి తుడిచి, అది ఆరిన గంటలోపే పూత వేయండి. పెయింట్ షాపులో డబుల్ బాయిల్డ్ లిన్‌సీడ్ (కాచిన అవిసె నూనె) అడగండి, పచ్చి నూనె వారాలైనా జిగురుగానే ఉంటుంది. మొదటి పూతకి నూనె, టర్పెంటైన్ సమపాళ్లు. పూసిన 15 నిమిషాలకి మిగిలింది మొత్తం తుడిచేయాలి. గళ్లలో పాత టూత్‌బ్రష్‌తో చాలా కొద్దిగా పూసి, పొడి బ్రష్‌తో లాగేయండి. గాడిలో నూనె నిలిచి గట్టిపడితే గళ్లు పూడిపోతాయి, పట్టు పోతుంది. మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) లాంటి మందపాటి పాలిష్‌లు గళ్ల మీద వద్దనేది కూడా ఇందుకే.

యాక్షన్ గాడి లోపల, బట్ చివర, స్క్రూ రంధ్రాల్లో కూడా పూయండి. బయట మాత్రమే పూస్తే వర్షాకాలంలో లోపలి వైపు తేమ పీల్చుకుని చెక్క ఒక పక్కకి లాగుతుంది, బిగువుగా కుదిరిన గాడి కాస్తా యాక్షన్‌ని నొక్కేస్తుంది. మన రోహిణి కార్తె ఎండలో అయితే కొత్తగా చెక్కిన చోట తేమ వేగంగా ఆరి సన్నటి పగుళ్లు వస్తాయి. పని మధ్యలో ఆపినప్పుడల్లా స్టాక్‌ని గుడ్డలో చుట్టి, ఫ్యాను గాలి తగలని చోట పెట్టండి.

నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఎండేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారిలేక దానంతటదే అంటుకుంటుంది. విడదీసి బయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, ఊపిరికీ మంచిది కాదు, రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

గళ్లగీత

లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ఇది చదివితే వాళ్ల కోసం: 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు తుపాకీ అయితే నగిషీ పనివాడికి చెక్క ఒక్కటే ఇవ్వండి. బ్యారెల్, యాక్షన్ మీ బీరువాలోనే ఉండాలి. కొలత సరిచూడాల్సి వస్తే చెక్కని ఇంటికి తెచ్చుకుని మీరే కూర్చోబెట్టి చూసుకోండి.

చేవటేకు గారూ, మెడ మీద గళ్లకి ముందు కింది వైపు మధ్య గీత వేసుకుని, రెండు పక్కల హద్దులూ దానికి సమదూరంలో పెట్టండి. పక్కల నుంచి మొదలుపెట్టి కింద కలుపుదామంటే ఆ కలిసే చోట సగం గడి మిగిలిపోతుంది.