స్టాక్ ఓవర్‌ఫ్లోలో జవాబులు రాస్తున్నా పాయింట్లు పెరగట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

రుషికొండ_ఫైనలియర్:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో బీటెక్ ఫైనలియర్. మధురవాడ ఐటీ హిల్స్ కంపెనీలకి అప్లై చేసేటప్పుడు రెజ్యూమెలో పెట్టుకోవచ్చని, ప్రోగ్రామింగ్ ప్రశ్నలు-జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో పైథాన్, జావాస్క్రిప్ట్ ట్యాగుల్లో (అంశాలవారీ విభాగాల్లో) జవాబులు రాస్తున్నాను. టైపు చేసేలోపే ఇంకొకరి జవాబు వచ్చేస్తోంది. కొన్ని డిలీట్ కూడా అయ్యాయి. హాస్టల్లో ఫ్రెండ్స్ ఒకరికొకరు ఓట్లు వేసుకుందాం అంటున్నారు, పనిచేస్తుందా? స్కోరు ఎంతుంటే కంపెనీలు పట్టించుకుంటాయి? ప్రాజెక్టుల కోడ్ ఉంచే గిట్‌హబ్‌లో సాయం చేసినా గుర్తింపు ఉంటుందా?

మద్దిలపాలెం_పాండాస్:
తమ్ముడూ, ముందు ఆ ఓట్ల ఆలోచన మానేయండి. ఒకరికే వరసపెట్టి వేసిన ఓట్లని పట్టుకునే స్క్రిప్టు రోజూ నడుస్తుంది. వచ్చిన పాయింట్లు వెనక్కి పోతాయి. పద్ధతి మారకపోతే అకౌంట్‌ని సస్పెండ్ చేస్తారు, ఆ గడువు తీరేదాకా ప్రొఫైల్లో స్కోరు 1 అనే కనిపిస్తుంది. రెజ్యూమెలో లింక్ ఇచ్చాక అలా కనబడితే ఇంకేం చెప్పుకుంటారు?

లెక్క ఇలా ఉంటుంది. జవాబుకి ఒక అప్‌వోట్ పడితే 10, అడిగినవాళ్లు యాక్సెప్ట్ చేస్తే 15, డౌన్‌వోట్ పడితే 2 పోతాయి. అప్‌వోట్ల మీద రోజుకి 200 దాటి రావు. యాక్సెప్ట్ పాయింట్లకి, బౌంటీ (ప్రశ్నకి బహుమతిగా ప్రకటించే) పాయింట్లకి ఆ పరిమితి లేదు.

అసలు ఇబ్బంది మీరు ఎంచుకున్న ట్యాగులు. పైథాన్, జావాస్క్రిప్ట్ ట్యాగుల్ని వేలమంది కాపలా కాస్తుంటారు. అక్కడికొచ్చే తేలిక ప్రశ్నల్లో చాలావరకు పాతవే, డూప్లికేట్ అని మూసేస్తారు. ఒక పైథాన్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) పట్టుకోండి: పాండాస్, ఎస్‌క్యూఎల్ఆల్కెమీ, ఫాస్ట్‌ఏపీఐ, ఏదైనా సరే, డాక్యుమెంటేషన్ మొత్తం చదివినది అయ్యుండాలి. ఆ ట్యాగులో అన్‌ఆన్సర్డ్ ట్యాబ్ తెరిస్తే, ఓటు పడ్డ జవాబు గానీ యాక్సెప్ట్ అయిన జవాబు గానీ లేని ప్రశ్నలు దొరుకుతాయి. అక్కడ పరుగుపందెం ఉండదు.

ఇంకో దారి పాత ప్రశ్నలు. చాలామందికి తట్టదు గానీ నాకు ఇదే మంచిదనిపిస్తుంది. డేటాఫ్రేమ్‌కి (పాండాస్‌లో టేబుల్‌కి) ఉండే, వరుసలు అతికించే అపెండ్ మెథడ్‌ని పాండాస్ 2.0లో, అంటే 2023లో, తీసేశారు. అంతకుముందు రాసిన జవాబుల్లోని కోడ్ ఇప్పుడు నడిపితే ఆట్రిబ్యూట్ ఎర్రర్ ఇస్తుంది. అలాంటి ప్రశ్న కింద కొత్త జవాబు రాయండి: ఏ వెర్షన్ నుంచి పోయింది, ఎందుకు ఎర్రర్ వస్తోంది, బదులుగా ఏం వాడాలి. లూప్‌లో ప్రతిసారీ అతికిస్తే అప్పటిదాకా ఉన్న టేబుల్ మొత్తం కాపీ అవుతుంది, వరుసలు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. ముక్కలన్నీ లిస్టులో వేసి చివర్లో ఒక్కసారి కాన్‌క్యాట్‌తో కలపాలి. ఈ కారణం కూడా రాస్తేనే ఆ జవాబుకి విలువ. అరవై రోజులు దాటిన ప్రశ్నకి రాసిన జవాబు స్కోరు (అప్‌వోట్లలోంచి డౌన్‌వోట్లు తీసేస్తే మిగిలేది) 5కి చేరితే నెక్రోమాన్సర్ బ్యాడ్జి వస్తుంది.

డిలీట్ అయినవి బహుశా లింక్ ఒక్కటే పెట్టినవో, "నాకూ ఇదే సమస్య" అన్నవో అయ్యుంటాయి. చాట్‌జీపీటీ లాంటివాటితో రాయించిన జవాబుల్ని 2022 డిసెంబర్ నుంచి నిషేధించారు, మాటలు మార్చి పెట్టినా అంతే.

సిరిపురం_బ్యాకెండ్:
కంపెనీల సంగతి నేను చెప్తాను. మొత్తం స్కోరు చూసి ఉద్యోగం ఇవ్వరు బాబూ. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకి మూడు నిమిషాల్లో చదివేలా రెండు మూడు మంచి జవాబుల లింకులు ఇవ్వు. ఎర్రర్ కారణం మొదటి వాక్యంలో, తర్వాత నడిచే చిన్న కోడ్, దాని అవుట్‌పుట్, వెర్షన్ నంబరు. ఇవి ఉంటే నువ్వెలా ఆలోచిస్తావో తెలుస్తుంది.

బ్యాడ్జి కావాలంటే ట్యాగ్ బ్యాడ్జి మీద దృష్టి పెట్టు. ఒకే ట్యాగులో కనీసం 20 జవాబులు, వాటి మొత్తం స్కోరు 100 ఉంటే కాంస్యం. వెండికి 80 జవాబులు, 400. బంగారానికి 200 జవాబులు, 1000. బంగారం ఉన్నవాళ్లు ఆ ట్యాగులో డూప్లికేట్ ప్రశ్నని ఒక్కరే మూసేయగలరు. ఫ్రెషర్‌కి కాంస్యమే గట్టి సాక్ష్యం. ఏఐ చాట్ టూల్స్ వచ్చాక ప్రశ్నలు బాగా తగ్గాయి, అందుకే పాతరోజుల స్కోర్లతో పోల్చుకోకు.

గిట్‌హబ్ డిస్కషన్స్ అనే చర్చల విభాగంలో నీ జవాబుని ఆన్సర్‌గా గుర్తిస్తే లెక్కలోకి వస్తుంది. అలాంటివి రెండైతే గెలాక్సీ బ్రెయిన్ అనే బ్యాడ్జి వస్తుంది, 8, 16, 32 దగ్గర దాని స్థాయి పెరుగుతుంది. నన్నడిగితే అంతకంటే ఇష్యూల్లో (ప్రాజెక్టుకి వచ్చే బగ్ ఫిర్యాదుల్లో) చేసే సాయం మేలు. ఎవరో బగ్ అని రాస్తారు, వెర్షన్ ఉండదు, కోడ్ సగమే ఉంటుంది. నువ్వు కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతా లైబ్రరీలతో కలవని విడి చోట) మెయిన్ బ్రాంచ్ (ప్రాజెక్టు తాజా కోడ్) పెట్టి బగ్‌ని మళ్లీ రప్పించు, పది పదిహేను లైన్లకి కుదించి కామెంట్‌లో పెట్టు. తప్పు మొదలైన చోటు వెతికే గిట్ బైసెక్ట్ కమాండ్ నడిపి ఏ కమిట్‌తో (కోడ్ మార్పుతో) మొదలైందో చెప్తే ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్‌కి సగం పని తప్పుతుంది. ఇలా నిలకడగా చేసేవాళ్లకి కొన్ని ప్రాజెక్టులు ట్రయాజ్ అనుమతి ఇస్తాయి. దాంతో లేబుళ్లు పెట్టొచ్చు, ఇష్యూలు మూసేయొచ్చు, కోడ్ మార్చే హక్కు మాత్రం ఉండదు.

రుషికొండ_ఫైనలియర్:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఒక్క డౌటు. జవాబు పనిచేసిందని కామెంట్ పెట్టి, యాక్సెప్ట్ చేయకుండా వెళ్లిపోతున్నారు. అడగొచ్చా?

మద్దిలపాలెం_పాండాస్:
కొత్త అకౌంట్ అయితే ఒక్కసారి చెప్పొచ్చు: "జవాబు పక్కనున్న టిక్ గుర్తు నొక్కితే తర్వాత వచ్చేవాళ్లకి తేలిక." వాళ్లకీ 2 పాయింట్లు వస్తాయి. మళ్లీ మళ్లీ గుర్తుచేయకండి. "ఈ ఇన్‌పుట్‌కి పనిచేయట్లేదు" అని ఎవరైనా కామెంట్ పెడితే మాత్రం వెంటనే చూసి జవాబులోనే సరిచేయండి, కామెంట్లో వదిలేయొద్దు. కామెంట్లు ఎప్పుడైనా తీసేస్తారు, జవాబులో పెట్టింది ఉంటుంది.