‘చైనాకైనా వెళ్ళి చదువుకోండి’: ఇది ప్రవక్త మాటేనా?

కడప పాఠకుడు: మొన్న జుమా బయాన్‌లో (శుక్రవారం నమాజు ప్రసంగంలో) "విద్య కోసం చైనాకైనా వెళ్ళండి అన్నారు ప్రవక్త (స)" అని విన్నాను. ఈ హదీసు (ప్రవక్త మాటగా ఉల్లేఖించేది) సహీహేనా, అంటే నిక్కమైనదేనా?

సనద్ ముఖ్యం: కాదు భాయ్. దీని సనద్‌లో, అంటే ఉల్లేఖకుల వరుసలో, అబూ ఆతికా ఉన్నాడు. అతన్ని హదీసు సంకలనకర్త ఇమాం బుఖారీయే తిరస్కరించారు. పండితుడు ఇబ్నుల్ జౌజీ దీన్ని కల్పిత హదీసుల పుస్తకంలో చేర్చారు.

గుంటూరు టీచర్: మరో హదీసు పండితుడు బైహఖీ ఏమన్నారో కూడా చెప్పండి. మాట ప్రసిద్ధం, సనద్ బలహీనం అన్నారు. జయీఫ్ (బలహీనమైనది) వేరు, మౌజూ (కల్పితం) వేరు. మంచి పనికి ప్రోత్సాహంగా జయీఫ్ చెప్పుకోవచ్చని ఇమాం నవవీ రాశారు కదా.

సనద్ ముఖ్యం: మరీ బలహీనమైతే పనికిరాదని హదీసు పండితుడు ఇబ్న్ హజర్ షరతు పెట్టారు ఆపా (అక్కా).

బాటసారి: అసలు ఆ కాలం అరబ్బులకు చైనా తెలుసా?

గుంటూరు టీచర్: తెలుసు. వర్తకం ఉండేది.

సనద్ ముఖ్యం: చైనా తెలిస్తే ప్రవక్త ఈ మాట అన్నట్టేనా? అడిగిందేంటి, మీరు చెప్పేదేంటి?

గుంటూరు టీచర్: సరే, సూటిగా చెప్తా. నా పదో తరగతి అయ్యాక పెదనాన్న చదువు మాన్పించమన్నారు. మా నాన్న ఈ హదీసే చెప్పి, అంగడి గల్లాపెట్టెలోంచి నలిగిన పది రూపాయల నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి కాలేజీ ఫీజుకని నా చేతిలో పెట్టారు. ఆయన ప్రవక్త మీద అబద్ధమాడారా?

సనద్ ముఖ్యం: మీ నాన్నగారిని అనలేదు. తెలియక చెప్పడం వేరు. కానీ "నా మీద కావాలని అబద్ధమాడినవాడు నరకంలో చోటు చూసుకోవాలి" అన్న హదీసు బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింట్లోనూ ఉంది. మా అమ్మకు షుగర్. ఒకాయన ఏదో హదీసు చెప్పి మాత్రలు మాన్పించాడు. ప్రవక్త పేరు వినగానే అమ్మ మారుమాట్లాడలేదు. ఆమె కాలి వేలు తీసేశాక వెతికితే, ఆ మాట ఏ హదీసు పుస్తకంలోనూ దొరకలేదు. మీకు ఆ పేరు చదువునిచ్చింది, మాకు ఇదిచ్చింది. అందుకే నాకు మాట మంచిదా కాదా అన్నది తర్వాత. ఎవరు విన్నారు, ఎవరికి చెప్పారు, అది ముందు.

గుంటూరు టీచర్: అమ్మగారి సంగతి నాకు తెలియదు భాయ్. క్షమించండి.

కడప పాఠకుడు: మరి చదువు గురించి ఏ హదీసు చెప్పాలి?

సనద్ ముఖ్యం: "విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి." ఇబ్నె మాజా హదీసు సంకలనంలో ఉంది. ఆ ఒక్క సనద్ బలహీనమే. కానీ చాలా సనద్‌లతో వచ్చింది కాబట్టి పండితుడు మిజ్జీ దాన్ని ‘హసన్’ (సహీహ్ తర్వాతి స్థాయి, ఆమోదించదగ్గది) అన్నారు.

గుంటూరు టీచర్: రేపటి నుంచి పిల్లలకు అదే చెప్తాను. మా నాన్న ఆ రోజు చెప్పింది తప్పని మాత్రం నా నోట రాదు.